ఎండకు పొడుగైన కణాలు

సముద్రానికి పోయే మైపాడు దారిలో మా కాలేజీ ల్యాబు. ఆ మే నెలలో ఒకరోజు పొద్దున్నే కరెంటు పోయి ఏసీ ఆగింది. మధ్యాహ్నానికి గది పొయ్యిలా అయింది. కరెంటువాళ్లను తిట్టుకుంటూ, మైక్రోస్కోపు అద్దాన్ని కిటికీ వెలుగుకు తిప్పుకున్నాను.

ల్యాబులో మేం పెంచే, నడుమకు చీలే రకం ఈస్టు కణాల్లో ఒక లోపం ఉంది. కణం రెండుగా చీలాలంటే, ఒక ప్రోటీన్‌లోని టైరోసిన్ అనే అమైనో ఆమ్లం మీద తాళంలా కూర్చున్న ఫాస్ఫేటును ఫాస్ఫటేజ్ అనే ఎంజైము తీసెయ్యాలి. వేడెక్కితే వీటిలో ఆ ఎంజైము పనిచేయదు. అప్పుడు కణం చీలదు, చావదు. ఊరికే పొడుగవుతుంది.

గింజల్లా ఉండాల్సినవి పురుగుల్లా సాగి, కదలకుండా పడున్నాయి.

"ఇంతసేపు ఉడికినాక ఇంకేం బతికుంటాయి? బ్లీచింగ్ పోసి పారబోసెయ్," అంది సీనియర్ అక్క.

బ్లీచింగ్ నీళ్లలో కలుపుతుండగా సముద్రపు గాలి తిరిగింది, కరెంటూ వచ్చింది. గది చల్లబడ్డాక, మనసొప్పక ఇంకోసారి చూశాను. కనిపించిన ప్రతి కణానికీ నడుమ చీలిక గీత పడుతోంది. ఎవరో పిలిచినట్టు, అన్నిటికీ ఒక్కసారే.

అక్క కూడా చూసింది. బ్లీచింగ్ డబ్బాకు మూత పెట్టింది.

ఆ తాళం మన కణాల్లోనూ ఉంది. గాలి ఆగిన మధ్యాహ్నాల్లో ఇప్పటికీ, నా ఒంట్లో ఏదో చడీచప్పుడూ లేకుండా పిలుపు కోసం కాచుక్కూర్చున్నట్టు ఉంటుంది.