మా వదిన విన్న దయ్యం నవల

మట్టల ఆదివారం నాడు, మధ్యాహ్నం మూడు గంటల పది నిమిషాలకు, మా వదిన బతికుండగానే ఆమెకు చావుగంట కొట్టారు. టైము నేను ఊహించి రాయడం లేదు. పుస్తకం మూసి నీళ్ల చెంబు అందుకుంటూ గోడ గడియారం వైపు చూశాను. చెంబు నోటి దాకా వచ్చేలోపు మొదటి దెబ్బ పడింది.

ఊరు జమ్మలమడుగు పక్కన. మిషన్ దొరలు ఎప్పుడో కట్టించిన రాతి చర్చి, దాని చుట్టూ మా పాలెం. నేను ఆ ఊరి ఆడబిడ్డను, కాపురం ప్రొద్దుటూరులో. మా అన్న పోయాక వదిన ఒక్కతే ఆ ఇంట్లో ఉండేది. ఉన్న ఒక్క కూతుర్ని పులివెందులలో ఇచ్చింది.

జరిగింది అర్థం కావాలంటే నా చదువు గురించి కొంచెం చెప్పాలి. నాకు అక్షరాలు వచ్చేటప్పటికి నలభై దాటాయి. నేర్పింది అప్పటి పాస్టరమ్మ. పలకా లేదు, వాచకమూ లేదు. ఆదివారం చర్చిలో చదివే వాక్యమే నా పాఠం. అక్షరం కింద వేలు పెట్టించి, రాగం తీసి చదివించేది. ఆ రాగంతోనే నాకు చదువు అంటుకుంది, ఇప్పటికీ విడిపోలేదు. కళ్లతో మాత్రమే చదవడం నాకు చేతకాదు. వేలు పెట్టాలి, నోరు తెరవాలి, రాగం రావాలి. బస్సు బోర్డు చదివినా, మాత్రల డబ్బా మీద రాత చదివినా చర్చిలో వాక్యం చదివినట్టే ఉంటుంది.

రాగం దేవునిదే గాని, నేను చదివేవి మాత్రం హత్యలు, దయ్యాలు, లేచిపోయిన ప్రేమలు. ప్రొద్దుటూరులో బంగారు అంగళ్ల వెనక సందులో పుస్తకాలు అద్దెకిచ్చే అంగడి ఒకటి ఉండేది. అట్టలు ఊడి, మూలలు నలిగి, నాకంటే ముందు చదివినవాళ్ల కాఫీ మరకలు పడిన నవలలు. చివరి అధ్యాయంలో ఉన్నానంటే పొయ్యి మీద అన్నం మాడి వాసన వచ్చినా లేచేదాన్ని కాదు. పెద్ద చదువుల వాళ్లు ఆ పుస్తకాలు చూసి మూతి విరుస్తారు. విరుచుకోనీ. తరువాతి పేజీలో ఏమవుతుందోనని గుండె దడదడలాడేటట్టు రాయడం ఎంత కష్టమో నాకు తెలుసు. ఎందుకంటే నేనూ రాస్తాను. నాలుగు నవలలు రాసి, ఏ కంపెనీ గడపా తొక్కకుండా, ప్రొద్దుటూరు ప్రెస్సులో సొంతంగా అచ్చు వేయించుకున్నాను. సంచిలో వేసుకుని తిరిగి అమ్ముకుంటాను.

అయినా ఎవరన్నా ఏం చదవమంటావని అడిగితే నా పుస్తకం చెప్పను. నాకు నిద్ర పట్టనివ్వని పరాయి పుస్తకం చెబుతాను. వేంపల్లె బస్సులో పక్క సీటు ఆమెకు, మగ్గాల ఇళ్ల ఆడవాళ్లకు, రక్తపరీక్ష చేసే నర్సమ్మకు అందరికీ చెప్పాను. ఫోన్లో మాకొక గ్రూపు ఉంది. టైపు చేయడం నాకు తెమలదు కాబట్టి ఆదివారం ఆదివారం నోటితోనే చెప్పి పంపిస్తాను. ఒక్కటే కట్టుబాటు: ముగింపు చెప్పను. ముగింపు చెప్పేసినవాళ్లు పుస్తకం పొగిడినట్టు కాదు, పాడు చేసినట్టు.

మా వదినకు అక్షరం ముక్క రాదు. కానీ నవల వినడంలో ఆమెను మించిన మనిషిని నేను చూడలేదు. హంతకుడెవరో సగంలోనే పట్టేసేది. ఏడ్చే నాయికలంటే మంట, బండబూతులు తిట్టేది. ఆమె నోట బాగుందనిపించుకున్న పుస్తకాన్నే నేను మూడు ఊళ్లకూ చెప్పేదాన్ని.

పోయిన వానాకాలం నుంచి ఆమెకు కడుపు ఉబ్బడం మొదలైంది. కడపకు, తిరుపతికి తిప్పారు. చివరికి ఇంటికి తీసుకుపోయి అడిగింది పెట్టమన్నారు. ఇంటికి వచ్చినామె తిండి ఏమీ అడగలేదు. నన్ను పిలిపించి, బాగా భయపెట్టేది ఒకటి తెచ్చి చదవమంది, మంచంలో పడుకుని దూలాల వైపు చూస్తూ ఉండలేక పోతున్నానంది.

నేను ఏరి ఏరి ఒక దయ్యం నవల తీసుకుపోయాను. కొత్త పెళ్లికూతురు ఒక పాత బంగళాకు కాపురానికి వస్తుంది. ప్రతి తెల్లవారుజామునా పెరట్లో బావి గిలక కిర్రుమంటుంది. ఎవరో నీళ్లు చేదుతూ ఉంటారు. పోయి చూస్తే ఎవరూ ఉండరు, తాడు మాత్రం తడిగా ఉంటుంది. అత్తను అడిగితే పలకదు. మొగుణ్ణి అడిగితే పలకడు. చేదేది ఎవరు? అదే నవల. దాని పేరు ఇక్కడ రాయడం లేదు. ముందుకు పోయేకొద్దీ ముగింపు చెప్పక తప్పదు, ఆ నవల చదవబోయేవాళ్లకు నేను ద్రోహం చేయలేను.

ఆదివారం ఆదివారం ప్రొద్దుటూరు నుంచి బస్సెక్కి పోయి చదివేదాన్ని. వారం వారం వదిన తగ్గిపోతూ వచ్చింది. ముఖంలో కళ్లు మాత్రమే మిగిలాయి. ఆ నీళ్లు చేదేది ఎవరో తెలిసేదాకా తాను పోయేది లేదని, ఆ పైన దేవుని ఇష్టమని వచ్చినవాళ్లందరికీ చెప్పేది. జనం నవ్వేవాళ్లు. ఆమె నవ్వేది కాదు. ఒకసారి నొప్పి ఎక్కువై, అదేదో చెప్పేయమని నా చెయ్యి పట్టుకుంది. కట్టుబాటు పక్కన పెట్టి చెప్పబోయాను. ఆమే నా నోటికి చెయ్యి అడ్డం పెట్టింది.

"వొద్దుమే. సదివే ఇనాల."

ఈస్టరుకు వారం ముందు వచ్చే మట్టల ఆదివారానికి ఇంకా రెండు అధ్యాయాలు మిగిలాయి. వదిన కూతురు పులివెందుల నుంచి వచ్చి ఉంది. పొద్దున ఆరాధన అయింది, అందరి ఇళ్లకూ ఈత మట్టలు వచ్చాయి. అన్నాలయ్యాక నేను సంచిలోనుంచి పుస్తకం తీయగానే నా మేనకోడలు అడ్డం పడింది.

"అత్తా, ఏసయ్య శ్రమదినాల్లో దయ్యాల కత సదువుతావా? ఆఖర్న సెవిలో పడేది దయ్యం మాటలైతే అమ్మ ఆత్మ యాడికి పోతాది?"

ఆ పిల్ల ఎగతాళికి అనలేదు. కళ్లనిండా నీళ్లు. వాక్యం పొద్దున్నే చదివానని, ఇప్పుడు ఆమె అడిగింది చదువుతున్నానని చెప్పాను. వినలేదు, పుస్తకం మీద చెయ్యి వేసింది. వదిన కళ్లు తెరవకుండానే తీర్పు చెప్పింది.

"సెవులు నాయి. మే, నువ్వు సదువు."

ఇక్కడ మా పాలెం పద్ధతి ఒకటి చెప్పాలి. ఎవరికైనా ఊపిరి ఆఖరుకు వస్తే తలుపులు బార్లా తెరిచి, మంచం పక్కన కూర్చుని వాక్యం రాగంగా చదువుతారు. ఆ రాగం వినబడితే చాలు, దారినపోయేవాళ్లు తలమీద కొంగు కప్పుకుని గోడ పక్కన నిలబడతారు. లోపలికి వచ్చి అడగరు. అడగడం తప్పు. చదివే గొంతు ఆగిందంటే ప్రాణం ఆగిందని లెక్క. అప్పుడు ఒకరు పోయి గంట కొడతారు, బతికిన ఏడాదికొక దెబ్బ. గంట మొదలైనాకే జనం లోపలికి వస్తారు.

అంతకుముందు వారాల్లో పెరట్లో మంచం వేసి చదివేదాన్ని. వదిన నడుమ నడుమ తిట్టేది, దగ్గేది, మళ్లీ చదవమనేది. ఎవరికీ అనుమానం రాలేదు. ఆరోజు ఆమె లేవలేక లోపలి గదిలోనే ఉండిపోయింది. ఉక్కకు వీధి తలుపు తెరిచి పెట్టాం. పాస్టరయ్య పక్క ఊరి ఆరాధనకు పోయాడు.

నేను చదువుతున్న చోట ఆ పెళ్లికూతురు నడవలోకి వస్తుంది. చుట్టాలందరూ వరసగా కూర్చుని ఉంటారు. పిలుస్తుంది. ఎవరూ తల ఎత్తరు. ఆ పేజీ మీద వేలు జరుపుతుంటే అక్షరాల మీద వెలుతురు తగ్గింది. మబ్బు పట్టిందేమో అనుకుని తల ఎత్తాను. కిటికీ నిండా ముసుగులు వేసుకున్న తలలు. కొందరి చేతుల్లో పొద్దుటి మట్టలు అలాగే ఉన్నాయి. ఒక్కరూ కదలడం లేదు. పక్కింటి అక్కను చూసి తల ఊపాను. ఆమె కళ్లు దించుకుంది. ఎందుకో అడగాలని కూడా తోచలేదు. అధ్యాయం అయిపోయేదాకా చదివి, గొంతు ఎండి ఆపాను. బయట ఎవరో చెప్పులు లేని కాళ్లతో చర్చి వైపు పరుగెత్తారు.

గంట మొదలైంది.

ఒక దెబ్బ పూర్తిగా చచ్చినాకే ఇంకో దెబ్బ పడుతుంది. ఎవరికి కొడుతున్నారో నాకు, నా మేనకోడలికి ఒకేసారి తెలిసింది. ఆ పిల్ల కొంగు నోట్లో కుక్కుకుంది. జనం ఒక్కొక్కరే గదిలోకి వచ్చి మంచం చుట్టూ నిలబడ్డారు. పక్కింటి అక్క దవడ కట్టడానికి గుడ్డ పీలిక పట్టుకుని వంగింది.

వదిన కళ్లు తెరిచింది. "గంట ఎవురికి?" అంది.

ఎవరూ పలకలేదు. పక్కింటి అక్క వంగినది వంగినట్టే ఉండిపోయింది. ఒక గోడకు ఇద్దరూ పిడకలు కొట్టుకుని బతికిన మనుషులు వాళ్లు. వదిన ఆమెను వరస కలిపి పిలిచింది. ఆమె పటం వైపు చూసినట్టు చూసింది గాని మాట రాలేదు. వదిన చూపు ఒక్కొక్క ముఖం మీదుగా తిరిగి నా దగ్గరికి వచ్చింది. గంట ఆగడం లేదు. మా వదిన వయసు ఊళ్లో ఎవరికీ తెలియదు, కొట్టేవాడు ఎక్కడ ఆపాలో తెలియక కొడుతూనే ఉన్నాడు.

"ఆ కతలో పిల్ల సచ్చిపోయిందిమే," అంది వదిన, చాలా మెల్లగా. "నీళ్లు సేదేది అదే. దానికి ఎవురూ సెప్పలా."

ముగింపు అదే. ఇంకా ఒక అధ్యాయం దూరంలో ఉంది. నేను చెప్పలేదు.

"నిజం సెప్పు. నేనుండానా?"

నాకు నోటిదురుసు ఎక్కువని మూడు ఊళ్లలోనూ పేరు. అయినా, అంతమంది అలా చూస్తుంటే, ఆ గంట అలా మోగుతుంటే, నాకే ఒక నిమిషం తెలియలేదు. చివరికి ఆమె ముంజేతి మీద చర్మం పట్టుకుని గట్టిగా గిల్లాను. ఆమె నన్ను బూతు తిట్టింది.

"ఉండావు," అన్నాను.

"ఉంటే ఆ గంట ఆపమనండి. నాకు అన్నేండ్లు యాడుండాయి?"

గడప దగ్గరున్న మగ్గం చిన్నాయన నవ్వేశాడు. గంట ఆపించడానికి పరుగు తీశాడు. గంట నిలిచిపోయింది. అప్పుడు నా మేనకోడలు, అంతకుముందు ఆ పుస్తకానికి అడ్డం పడిన పిల్ల, నా ఒళ్లోంచి కింద పడినదాన్ని తీసి, పేజీ వెతికి నా ఒళ్లో పెట్టింది.

"సదివి ముగించత్తా. సగంలో ఇడిస్తే అమ్మ కూడా ఆ పిల్ల మాదిరి ఆడనే ఉండిపోతాది."

చదివాను. జనం బయటికి పోలేదు, ఉన్నచోటే కూలబడి విన్నారు. చివర్లో అత్త లాంతరు పట్టుకుని బావి దగ్గరికి వచ్చి, ఇన్నాళ్లూ పిలవని పేరు పెట్టి కోడల్ని పిలుస్తుంది. చేదింది చాలమ్మా అంటుంది. తాడు బావిలోకి జారిపోతుంది. పుస్తకం మూశాను. గంట కొట్టి వచ్చిన పెద్దమామకు చెవులు సరిగా వినబడవు, రాగం ఒక్కటే తెలుస్తుంది. ఆయన ఆమేన్ అన్నాడు. దాంతో అందరూ అన్నారు.

"బాగుంది గాని, ఆ ముసిల్ది ముందే పిలిచింటే సగం పుస్తకం తగ్గుండు," అంది వదిన.

ఆ తరువాత ఈస్టరు పండగ దాటేదాకా ఉంది. ఆ రోజుల్లో ఇంటికి వచ్చినవాళ్లు కూతుర్ని పలకరించేవాళ్లు, నన్ను పలకరించేవాళ్లు, ఆమెతో మాట్లాడటానికి మాత్రం జంకేవాళ్లు. ఒకామె చేతిలో పూలు తెచ్చి, ఏం చేయాలో తెలియక కిటికీలో పెట్టిపోయింది. వదిన ఒక్కొక్కరినీ గట్టిగా వరస కలిపి పిలిచి జవాబు చెప్పేదాకా వదిలేది కాదు. తరువాత ఏ పుస్తకం తెస్తావని నన్ను అడిగింది. తెచ్చాను, రెండు పేజీలు విని నిద్రపోయింది. నిద్రలోనే పోయింది.

గంట కొట్టలేదు. ఒక మనిషికి రెండుసార్లు కొట్టరు. పెట్టె మోసుకుపోతుంటే పాదాల చప్పుడు ఒక్కటే వినబడింది.

ఇప్పుడు పాలెంలో ఈ సంగతి ఎత్తితే ఆ రోజు తాము ఊళ్లోనే లేమంటారు. ఒకరు పులివెందుల పోయామంటారు, ఒకరు తొండూరులో పెళ్లంటారు. అందుకే ఉన్నవాళ్లెవరో రాస్తున్నాను. గంట కొట్టిన పెద్దమామ. గంట ఆపించిన మగ్గం చిన్నాయన, గడపలో ఆయన భార్య. గుడ్డ పీలిక తెచ్చిన పక్కింటి అక్క, ఆమె కోడళ్లిద్దరూ. కిటికీ దగ్గర చర్చి ఊడ్చే అవ్వ, ఆమె వెనక రిటైరైన టీచరమ్మ. మంచం కాళ్ల దగ్గర నా మేనకోడలు. తల దగ్గర నేను.

మంచం మీద మా వదిన. ఆమె కూడా ఉంది.