ఒంటి చేతి హీరో ఏ చేత్తో తింటాడు

మొన్న శుక్రవారం మధ్యాహ్నం మా రూములో టీవీలో నెట్ పెట్టుకుని కూర్చున్న కరీంనగర్ తమ్ముడు నన్ను కేకేశాడు. "కాకా, జల్ది రా. నీ సినిమా వస్తున్నది."

నా సినిమా అంటే ఏదో చూడకుండానే తెలుసు. చెయ్యి తెగిన కుంగ్‌ఫూ వీరుడొకడు పగ తీర్చుకోవడానికి బయల్దేరి, హిందీ డబ్బింగులో అరుస్తూ, ఊరు ఊరంతా నరికేస్తాడు. ఈ గల్ఫ్ దేశంలో, రుసైల్లో మేం పనిచేసే అట్టపెట్టెల ఫ్యాక్టరీలో కోత మిషను నా కుడి చేతిని మణికట్టు దాకా తీసుకుపోయి రెండేళ్లయింది. అప్పట్నుంచి ఇలాంటివన్నీ నా సినిమాలే. ఒంటి చేతివాడు, గుడ్డివాడు, కాళ్లు లేనివాడు, తెర మీద ఎవడు కనిపించినా నాకు చుట్టం. ఆ తమ్ముడు ప్రేమతోనే పిలుస్తాడు. అదే నాకు ఒళ్లుమంట.

అవి నాకు కొత్తవి కావు. వాడు పుట్టకముందే చూసినవాణ్ని. కడప వైపు మా టౌనులో పొద్దుటాటకి అవే ఆడేవి. చైనా మనుషులు, చైనా కొండలు, అయినా మేం వాటిని ఇంగ్లీషు సినిమాలనే అనేవాళ్లం. నాలుగో తరగతితో బడి మానేసి, గోడ మీది పోస్టర్లూ పొట్లాం కాగితాలూ చదివి అక్షరాలు నిలబెట్టుకున్నవాణ్ని. భాషతో పనిలేని సినిమా అంటే నాకు ప్రాణం. గురువును చంపుతారు. హీరో కుడి చెయ్యి నరుకుతారు. వాడు కొండల్లోకి పోయి బిందెలు మోస్తాడు, వెదుళ్లు కొడతాడు, గడ్డం పెరుగుతుంది. మనం గోలీసోడా తాగి లోపలికొచ్చేసరికి వాడి ఎడమ చెయ్యి పది చేతుల పెట్టు అయి ఉంటుంది. ఆట వదిలాక మేమంతా కుడి చేతిని చొక్కాలో దోపుకుని రోడ్డు మీద ఎగిరెగిరి తన్నుకునేవాళ్లం. చెయ్యి పోవడం వరమనుకున్నాం, వెధవలం.

అన్ని సినిమాలు తీశారు గదా, ఒక్కడైనా హీరో గుండీలు పెట్టుకోవడం చూపించాడా? లుంగీ ముడి? పోనీ సబ్బు? ఉన్న ఒక్క చేతికి సబ్బు రుద్దాలంటే ఇంకో చెయ్యి కావాలని, పోయేదాకా నాకూ తెలియదు. బట్టలుతికే బ్రష్షును తలకిందులుగా సింకు అంచుకి తీగతో కట్టి, దానికేసి చెయ్యి రుద్దుకుంటాను. ఈ ఉపాయం తట్టడానికి మూడు వారాలు పట్టింది. వెనక డప్పులేమీ మోగలేదు.

పని సంగతి నాకు బాధ లేదు. కంపెనీ గేటు దగ్గర కూర్చోబెట్టింది. వచ్చే పోయే లారీల నెంబర్లు ఎడమ చేత్తో రాస్తాను. కోడిగీతలే, కానీ చదవొచ్చు. బాధంతా రూములో.

రూములో ముగ్గురం. నేను, కరీంనగర్ తమ్ముడు, ఫోర్క్‌లిఫ్ట్ నడిపే గోదావరాయన. వంట వంతులు ఫ్రిజ్ మీద కాగితానికి రాసి అంటించి ఉంటాయి, మనిషికి రెండు రోజులు, శుక్రవారం అందరం కలిసి. ఆసుపత్రి నుంచి వచ్చి చూస్తే కాగితం మారిపోయింది. నా రెండు రోజులూ వాళ్లిద్దరూ పంచుకున్నారు. పళ్లెం పక్కన కొత్త చెంచా పెట్టారు. "నువ్వు రెస్ట్ తీస్కో కాకా" అని ఒకరు, "మేమున్నాం కదండీ బాబాయ్" అని ఒకరు. గోదావరాయనకి అన్నం వార్చడం నేర్పిందే నేను.

మొదట్లో మంచితనం అనుకున్నాను. ఏడాది దాటాక అడిగాను, నా వంతు నాకివ్వండని. కత్తితో కోసుకుంటావన్నారు. చెక్కకి రెండు మేకులు కొట్టి, వంకాయ దానికి గుచ్చి కోసి చూపించాను. గ్యాసుతో ప్రమాదమన్నారు. ఒక చేత్తో వెలిగించి చూపించాను. మీకెందుకు శ్రమన్నారు. సాకు మీద సాకు. వండిపెట్టే మనిషి కాస్తా పెడితే తినే మనిషి అయిపోతే లోపల ఏమవుతుందో వాళ్లకి తెలియదు.

శుక్రవారం టీవీలో హీరో పూటకూళ్లింట్లోకి వచ్చి బల్ల ముందు కూర్చున్నాడు. "ఆపు" అన్నాను.

"ఏందే కాకా, గిప్పుడే ఫైటింగ్ వస్తది."

"ఆపు అబ్బీ. ఒక మాట చెప్పు. వీడు ఏ చేత్తో తింటాడు?"

"పుల్లల్తోని తింటరు గద."

"ఆ పుల్లలు ఏ చేత్తో పట్టుకుంటాడు? కడుక్కునేది ఏ చేత్తో?"

తమ్ముడు నవ్వబోయి ఆగి, సినిమా ఆపాడు. వంటింటి గడపలో కూరగాయల సంచీతో నిలబడ్డ గోదావరాయన తలొంచుకున్నాడు.

"మీకు వంతు ఎందుకివ్వట్లేదో చెప్పమంటారా బాబాయ్?"

"ఇన్నాళ్లుగా అదే అడగతాండా."

"కత్తీ కాదు, గ్యాసూ కాదండి. ఆ చేత్తో చింతపండు పిసికితే నాకు ముద్ద దిగదండి. తప్పే. అలా పెరిగామండి, ఏం చెయ్యమంటారు?"

"ఊకో అన్నా" అని తమ్ముడు గొణిగాడు. కాదని మాత్రం అనలేదు.

తిట్టడానికి నోరు తెరిచాను. రెండేళ్ల తిట్లు వరసగా వచ్చి నిలబడ్డాయి. వాటికంటే ముందు ఇంకోటి వచ్చింది.

మా టౌనులో ఒకనాడు ఒంటి చేతి సినిమాకి ఈలలేసి గొంతు పోగొట్టుకుని, హాలు పక్క హోటల్లో కూర్చున్నాం. కుడి చెయ్యి పోలియోతో ఎండిపోయిన మనిషొకడు ఎడమ చేత్తో ఇడ్లీ ప్లేటు తెచ్చి నా ముందు పెట్టాడు. నేను దాన్ని తోసేశాను. చొక్కాలో దోపుకున్న కుడి చేతిని బయటికి తీసి, వేలు చూపించి మరీ ఓనరును పిలిచాను. "ఎడం చేత్తో పెడతాండాడు, మేం మనుషులం కాదా?" తర్వాతి వారం పోతే ఆ మనిషి వెనక గోలెం దగ్గర ఎంగిలి ప్లేట్లు కడుగుతున్నాడు. నాకేమీ అనిపించలేదు. కడుపునిండా తిని మళ్లీ సినిమాకి పోయాను.

తిట్లు నోట్లోనే ఉండిపోయాయి. "ఇద్దరూ ఇట్లా రాండి" అన్నాను. వాళ్లు చూస్తుండగా సింకు దగ్గర బ్రష్షుకేసి చెయ్యి రుద్దుకున్నాను, గోళ్ల సందుల్లో కూడా. సంచీలోంచి వంకాయలు తీసి మేకులకి గుచ్చి కోశాను. చింతపండు నానేసి, వాళ్ల కళ్లముందే పిసికాను. సినిమా కూడా అంత కళ్లార్పకుండా చూడలేదు వాళ్లు.

పులుసు దించి మధ్యలో పెట్టాను. "తింటే తినండి, లేకుంటే పరోటా తెచ్చుకోండి. చెంచాతో మాత్రం నేనింక తినను."

"నాకు ఆకలైతలేదు కాకా, మల్ల తింట" అని తమ్ముడు చెప్పులేసుకుని బయటికి పోయాడు. గోదావరాయన కూర్చున్నాడు. చిన్న ముద్ద కలిపి, దాన్నొకసారి చూసి, నోట్లో పెట్టుకున్నాడు. చాలాసేపు నమిలాడు.

"ఉప్పు తక్కువైందండి."

"మీ గోదావరోళ్ల నాలికకి బెల్లం తప్ప ఏం తెలుస్తాదిలే."

"బెల్లం సంగతి కాదండి. కారం ఎక్కువ, ఉప్పు తక్కువ."

ఈ రెండేళ్లలో నేను చేసిన పనికి వంక పెట్టిన మొదటి మనిషి ఆయనే. ఇంకో రెండు ముద్దలు తిన్నాడు, తర్వాత పెరుగు పోసుకున్నాడు. పళ్లెం అంచున పులుసు కాస్త మిగిలింది. చూశాను. నేను ఎడమ చేత్తో కలుపుకుని కడుపునిండా తిన్నాను. ఉప్పు నిజంగానే తక్కువైంది.

ఫ్రిజ్ మీది కాగితంలో మంగళవారం పక్కన తమ్ముడి పేరు కొట్టేసి నా పేరు రాశాను. సాయంత్రం వాడొచ్చి చూశాడు.

"మంగళారం నాది గద కాకా?"

"ఇన్నాళ్లూ నీది. ఇంక నాది."

వాడు సినిమా మళ్లీ పెట్టాడు. బల్ల ముందు కూర్చున్న హీరో లేచి, ఒంటి చేత్తో పదిమందిని పడగొట్టాడు. ముందున్న గిన్నెలో అన్నం ముట్టుకోలేదు.

పులుసు గిన్నెను ఫ్రిజ్‌లో తమ్ముడికి కనపడేట్టు ముందు వరసలో పెట్టాను. శనివారం చూస్తే అంతే ఉంది. మంగళవారం మళ్లీ వండుతా. ఈసారి ఉప్పు సరిగ్గా వేస్తా.