వణికే చేతులతో రెంజల్ దాకా ఒడిబియ్యం ప్రయాణం

ఈ ప్రయాణానికి కారణం మా ఆడపడుచు సుజాత. బోధన్ దాటాక రెంజల్ వైపు ఓ పల్లెలో ఉంటుంది. పెళ్ళయిన ఆడబిడ్డకు పుట్టింటివాళ్ళు బేసి సంవత్సరం చూసి, పసుపు కలిపిన బియ్యం దోసిళ్ళతో ఒడిలో పోసి చీరె పెట్టి రావడం మా తెలంగాణ ఇళ్ళలో ఆనవాయితీ. దాన్నే ఒడిబియ్యం అంటాం. అత్తమ్మ పోయినప్పటి నుంచి ఆ పని వదినగా నాది. ఎప్పుడూ మావారూ నేనూ కలిసే వెళ్తాం. ఈసారి ఆయన ఇంటర్ పరీక్షల డ్యూటీలో ఇరుక్కుపోయి, "వచ్చే నెల చూద్దాంలే" అన్నాడు. సుజాత ఒప్పుకోలేదు. "వచ్చే నెల మూఢం. అన్న రాకుంటే పాయె, బియ్యం పోసేది నువ్వు గద వదినా. నువ్వైతే రా" అని ఫోన్ పెట్టేసింది.

వెళ్ళడానికేం, సంచి సర్దుకుంటే సరిపోతుంది. కానీ నా సంగతి వేరే ఉంది. ఎనిమిదేళ్ళుగా నేను ఆందోళనకు మాత్ర వేసుకుంటున్నాను. అప్పట్లో అది లేకపోతే గడప దాటేదాన్ని కాదు, కాబట్టి దాన్ని తిట్టే ఉద్దేశం లేదు. ఇప్పుడు అవసరం తగ్గింది గనక డాక్టరమ్మ దసరా నుంచి డోసు కొంచెం కొంచెంగా కోస్తూ వస్తోంది. ఎనిమిదేళ్ళు అలవాటైన ఒళ్ళు ఊరుకుంటుందా? కోసిన ప్రతిసారీ కొన్నాళ్ళు అలుగుతుంది. తెల్లవారక ముందే మెలకువ, ఉత్తి పుణ్యానికి గుండె దడ, పక్కింటి మిక్సీ నా తలలోనే తిరుగుతున్నట్టు చప్పుడు, అన్నిటికీ మించి చేతుల్లో వణుకు. ఒడిబియ్యానికి ముహూర్తం పెట్టిన వారంలోనే కొత్త కోత పడింది. "ప్రయాణం చెయ్యొచ్చు. పొద్దున మాత్ర, రాత్రి మాత్ర మామూలుగానే వేసుకో. మధ్యలో అదనంగా మాత్రం వద్దు. ఒక్కటి వేసుకుంటే కొంపలేం మునగవు కానీ, వణుకు వచ్చినప్పుడల్లా చెయ్యి దానికోసమే వెళ్తుంది" అంది డాక్టరమ్మ. సరేనన్నాను. అన్నానే గానీ నా బెంగ నాకుంది. అటువైపు చుట్టాలందరి ముందూ, ఇంకో మాత్ర మింగకుండా, ఈ చేతులతో దోసిలి నిండా బియ్యం ఎత్తి పోయగలనా? బియ్యం కింద పడటం మంచిది కాదని అత్తమ్మ ప్రతిసారీ హెచ్చరించేది. పైగా నా మాత్రల సంగతి సుజాతకు కూడా తెలియదు.

కాచిగూడలో తెల్లవారుజామునే రైలెక్కాను. సెకండ్ సిట్టింగ్ టికెట్ వందకు అటూ ఇటూ ఉంటుంది, మూడు గంటల పైన ప్రయాణం. బస్సు కూడా ఉంది కానీ, నాలాంటి పరిస్థితిలో ఉన్నవాళ్ళు రైలే ఎక్కండి. లేచి తిరగొచ్చు, బాత్రూం ఉంటుంది, ఎవరూ పాటలు పెట్టకపోతే కునుకు కూడా పడుతుంది. నా పెట్టెలో ఒకాయన పెట్టాడు. చెవుల్లో దూది కుక్కుకుని కిటికీ వైపు తిరిగాను. కామారెడ్డి దాటేసరికి గుండె దడ మొదలైంది. దానితో వాదించడం మానేసి చాలా రోజులైంది. వచ్చావా, కూర్చో అనుకుని పల్లీలు తింటూ కూర్చుంటే, నిజామాబాద్ వచ్చేసరికి అదే దిగిపోయింది.

నిజామాబాద్‌లో దిగి ఆటోలో గంజ్ మార్కెట్ దగ్గరికి వెళ్ళాను. పసుపు సీజను. వీధి మొదట్లోనే ముక్కు పట్టేసే ఘాటు, బస్తాలు మోసేవాళ్ళ చొక్కాలు, పక్కనున్న ఆవుల వీపులు కూడా పచ్చగా ఉన్నాయి. ఒడిబియ్యంలోకి పావుకిలో పసుపు, అయిదు ఎండుకొబ్బరి కుడుకలు, ఖర్జూరాలు, వక్కలు కొన్నాను. చాయ్ తాగాలని ప్రాణం పీకింది. నిజామాబాద్‌లో చాయ్ తాగకుండా రావడమంటే నాకు శిక్షే. కానీ వణుకుండగా చాయ్ తాగితే చేతులు తబలా వాయిస్తాయని అనుభవం మీద తెలుసు, అందుకని రెండు ఇడ్లీ తిని బస్టాండుకు నడిచాను.

బోధన్ బస్సు దాదాపు గంట. ఆధార్ చూపిస్తే ఆడవాళ్ళకు జీరో టికెట్. కండక్టరమ్మ నా ఎదురుగా నిలబడి, "అక్కా, జర కార్డు ఊపకు, ఫోటో కనవడ్తలేదు" అంది. ఊపడం నా చేతుల్లో ఉంటే కదా. రెండో చేత్తో మణికట్టు పట్టుకుని చూపించాను. ఆవిడ కార్డు వంకా నా వంకా చూసి, "పొద్దున ఏం తిన్లేదా?" అని, ముందు సీట్లో ఉన్నావిడ బుట్టలోంచి ఒక జామకాయ తీసి నా ఒళ్ళో పెట్టింది. బుట్ట గలావిడ ఒక్క మాటన్లేదు. నేను కడిగి తిందామనుకుంటూనే కడగకుండా తినేశాను.

బోధన్ బస్టాండు బయట చెరుకు రసం తప్పకుండా తాగండి. ఇక్కడి చక్కెర ఫ్యాక్టరీ మూతపడ్డాక చెరుకు మానేసి వరికి పోయినవాళ్ళే ఎక్కువ, అయినా రసం బండికి మాత్రం చెరుకు లోటు లేదు. నేను తాగుతుండగా పక్కన ఇద్దరు మరాఠీలో బేరమాడుకుంటూ, మధ్యలో తెలుగులో తిట్టుకుంటూ, చివరికి కలిసి రసం తాగారు. అక్కడి నుంచి రెంజల్ దారిలో షేర్ ఆటో, ముప్పై రూపాయలు. "అక్కా, రోడ్డు మంచిగ లేదు, గట్టిగ పట్టుకో" అన్నాడు డ్రైవరన్న. నాకైతే పండగే. ఆ ఆటోలో ఎక్కినవాళ్ళందరూ నాలాగే వణుకుతున్నారు, ఎవరికీ ఎవరి మీదా అనుమానం లేదు. దారి పొడుగునా ఉడకబెట్టిన పసుపు కొమ్ములు టార్పాలిన్ల మీద ఎండుతున్నాయి. నేను కొన్న పావుకిలో పొట్లం చూసుకుంటే నాకే సిగ్గేసింది.

ఇంట్లో అడుగు పెట్టగానే సుజాత అదే అందుకుంది. "మా ఇంటెనక క్వింటాళ్ళ కొద్ది ఎండుతుంటే, పైసలు వెట్టి కొనుక్కొచ్చినవా వదినా? అన్నకు చెప్త ఉండు" అని పొట్లం అందరికీ చూపించి మరీ నవ్వించింది. పదకొండున్నర అయింది. ఒంటిగంట లోపల పోసేయాలన్నారు. పసుపూ నెయ్యీ వేసి బియ్యం కలిపాం. ఆ పని గిన్నెలో కాబట్టి గడిచిపోయింది. సుజాత కొత్త చీరె కట్టుకుని తూర్పుముఖంగా పీట మీద కూర్చుని కొంగు పరిచింది. చుట్టూ పది పన్నెండు మంది ఆడవాళ్ళు. సుజాత అత్త మల్లవ్వ, డెబ్బై దాటిన మనిషి, గోడకు ఆనుకుని కాళ్ళు చాపుకుని కూర్చుంది. "పుట్టింటోల్లు ముందు పొయ్యాలె. పొయ్యి బిడ్డా" అంది నన్ను.

దోసిలి నిండా బియ్యం ఎత్తాను. అంతే. అందరి కళ్ళూ నా చేతుల మీదున్నాయన్న ఒక్క తలపు చాలింది. ముందు వేళ్ళు, తర్వాత మోచేతుల దాకా. బియ్యం వేళ్ళ సందుల్లోంచి జలజలా రాలి, సగం ఒడిలో, సగం నేల మీద. నాకు ఏడుపొచ్చేంత సిగ్గేసింది. అప్పుడు మల్లవ్వ ముందుకు వంగి నా చేతులు పరీక్షగా చూసి, చాలా మామూలుగా అడిగింది.

"కల్లు ఎప్పటి సంది బంద్ జేసినవ్ బిడ్డా?"

నేను పట్నంలో ప్రైవేటు స్కూల్లో లెక్కలు చెప్పేదాన్ని. జన్మలో కల్లు రుచి చూడలేదు. నోరు తెరిచే లోపలే ఇంకొకావిడ జాలిగా, "పట్నంల గూడ మందు కలిపిన కల్లే దొర్కుతదా?" అంది. మూడో ఆవిడ, "మెల్లగ తగ్గుతది లే అక్కా, మా ఆయనది గూడ తగ్గింది" అని ధైర్యం చెప్పింది. సుజాత నవ్వాపుకోలేక ఊగిపోతుంటే ఒడిలో పడ్డ కాసిని బియ్యం కూడా కింద పడేట్టున్నాయి.

"నేను కల్లు తాగను" అన్నాను, క్లాసులో అరిచినట్టు. "నేను వేసుకునేది గోలీలు. డాక్టరు రాసిన గోలీలు. ఎనిమిదేళ్ళ నుంచి వేసుకుంటున్నా, ఇప్పుడు తగ్గిస్తున్నా. అందుకే ఈ వణుకు." చెప్పేశాక గానీ ఏం చెప్పానో నాకు తెలియలేదు. సుజాత నవ్వు ఆపి నావైపు చూసింది.

"ఏం గోలి? నిద్రకా, గాబరాకా?" అంది మల్లవ్వ.

"గాబరాకు."

"గదే. మా కల్లుల దొంగతనంగ కలిపింది గదే అని పెద్ద దవాఖానల చెప్పిండ్రు. కల్లు దుకాణం బంద్ పెట్టిన్నాడు మా ఊర్ల సగం మంది గిట్లనే వణికిండ్రు. నేనైతే ఒక్కసారే ఇడిసిపెట్టిన. లేని పాములు కనవడ్డయి, బర్రెను వట్టుకొని ఏడ్సిన. పెద్దకొడుకు దవాఖానకు కొంచపాయె. ఆడ డాక్టరు గోలి ఇచ్చి, జర జర తగ్గిచ్చిండు. ఎండకాలం పాయె, వానకాలం పాయె, అప్పుడు తేరుకున్న."

ఒళ్ళు మండిందో, హాయిగా అనిపించిందో ఇప్పటికీ చెప్పలేను. చీటీ రాయించుకుని, బిల్లు తీసుకుని, నేను గౌరవంగా మింగుతున్నాననుకున్నదీ, ఈవిడ సీసాలో తెలియకుండా తాగిందీ ఒకే జాతి మందు. ఎనిమిదేళ్ళలో నా వణుకు గురించి నాతో మాట్లాడినవాళ్ళలో వణుకు తెలిసిన మనిషి ఈవిడ ఒక్కతే. "ఇప్పుడు వణకదా అవ్వా?" అని అడిగాను.

"చలికి వణుకుత, కోపమొస్తె వణుకుత. దానికైతె వణక."

అయినా గడియారం నడుస్తోంది. నా సంచిలో మాత్రలున్నాయి. ఒకటి వేసుకుంటే అరగంటలో చేతులు కుదుటపడతాయి, ఒంటిగంట లోపల పోసేయొచ్చు. "ఒక్క నిమిషం" అని లేచాను. మల్లవ్వకు ఎలా తెలిసిందో గానీ కూర్చున్నచోటి నుంచే అడిగింది. "పొద్దటిది ఏస్కున్నవా?" వేసుకున్నానన్నాను. "ఇంకోటి ఏస్కోమన్నడా డాక్టరు?" లేదన్నాను. "మరి కూసో. బియ్యమే గద పడ్డయి, మనిషి పడలే గద."

కూర్చున్నాను. సుజాత కొంగును రెండు వైపులా బారెడు లాగి, ధాన్యం ఆరబోసే పట్టాలాగా పరిచి, "ఇగ యాడ పోసినా నా ఒళ్ళెనే పడతయి. పొయ్యి" అంది. అయిదు దోసిళ్ళూ పోశాను. ప్రతి దోసిలీ వణికింది. అయిదోది కూడా. సుజాత మెడ మీద, జడలో, మల్లవ్వ చాపిన కాళ్ళ మీద పచ్చటి బియ్యం. నవ్వుతున్నది ఎవరో, ఏడుస్తున్నది ఎవరో తెలియలేదు, నేనైతే రెండూ చేశాను. తర్వాత మటన్‌తో అన్నం పెట్టారు. చాయ్ వద్దంటే ఆ ఇంట్లో ఒక్కరూ బలవంతం చేయలేదు. ఈ జిల్లాలో అదెంత పెద్ద మర్యాదో వెళ్ళినవాళ్ళకు తెలుస్తుంది.

నాలుగింటికి ఆటో ఎక్కుతుంటే మల్లవ్వ గడప దాకా వచ్చి, మళ్ళీ ఎప్పుడొస్తావంది. అప్పటికింకా నేను పాత మనిషినే. "మాత్రలు పూర్తిగా పోనియ్ అవ్వా, అప్పుడు మంచిగా వస్తా" అన్నాను. నాలుగేళ్ళుగా పెళ్ళిళ్ళకూ పేరంటాలకూ, చివరికి సొంత చెల్లెలి గృహప్రవేశానికి కూడా ఇదే జవాబు చెప్పాను. మంచిగయ్యాక వస్తాను. ఆ మంచిగవడం ఏ పొద్దున్నో నా తలుపు తట్టి పిలుస్తుందన్నట్టు ఇంట్లో కూర్చున్నాను. వెళ్ళాల్సిన చోట్లన్నీ నన్ను మానేసి జరిగిపోయాయి. నాకింకా తగ్గించాల్సిన డోసు ఉంది, రేపు పొద్దున మళ్ళీ దడ వస్తుంది, అది అబద్ధం కాదు. కానీ నేను పోసిన బియ్యం ఆ ఇంట్లో వండుకుని ఊరికి పెడతారు, అదీ అబద్ధం కాదు.

నాలాగా మాత్ర తగ్గించుకుంటూ ప్రయాణం పెట్టుకున్నవాళ్ళకు రెండే సలహాలు. ప్రయాణం కోసమని డోసు మీరుగా పెంచొద్దు, మానొద్దు, ముందే డాక్టరునడిగి బయల్దేరండి. దిగబోయే ఇంట్లో ఒక్క మనిషికైనా విషయం ముందే చెప్పండి. నేను చెప్పలేదు, అందుకే కల్లు తాగేదాన్నయ్యాను. ఇక మల్లవ్వ జవాబు రాయలేదు కదూ. "మంచిగైనంక ఎవరైనా వస్తరు. నువ్వు వణుక్కుంటనే రా" అంది.