ఒక్క ఓటు పడిన బూత్

పోలింగ్ అయిన మర్నాడు, కావలి నుంచి జువ్వలదిన్నె వెళ్లే బస్సులో ఖాళీ చేపల గంపతో ఒకామె నా పక్కన కూర్చుంది. ఆమె వేలి మీద సిరా చూసి, ఓట్లు బాగా పడ్డాయా అని మాటవరసకు అడిగాను.

"రోడ్డు సగం పడింది, అందుకని ఈ తూరి అందరం ఏసినాం నాయనా. పోయిన తూరి నేనొక్కదాన్నే" అంది.

అప్పుడు ఆ రోడ్డు కోసమే వాళ్ల పాలెం మొత్తం ఓట్లు వేయడం మానుకుందట. బూత్‌లో ఎన్నికల డ్యూటీకి వచ్చి ఊరికే కూర్చున్న టీచరమ్మకు మంచినీళ్లు ఇవ్వడానికి వెళ్లి, ఈమె ఓటు కూడా వేసి వచ్చింది.

"కట్టు తప్పినానని ఊరు నాతో మాట్లాడలా. అది ఓర్చుకున్నా. లెక్కపెట్టిన రోజు మా బూత్‌లో ఒకటే ఓటు. ఎవురికేసినానో ఊరంతటికీ తెలిసిపాయె. మా ఆయనకు ఆ పార్టీ అంటే మంట. శానా దినాలు నా చేతి కూడు తినలా."

"మరి నిన్న?"

"నిన్న ఓటేసి బయటికొచ్చి, నా పక్కన నిలబడి, 'నీ గుర్తుకే ఏసినాలే' అన్నాడు."

నిజంగానే వేశాడంటారా అని అడిగాను. ఆమె నవ్వింది.

"ఎవురు చూడొచ్చినారు నాయనా? ఈ తూరి అందరివీ కలిసిపోయినాయి గదా."

ఆమె వాళ్ల పాలెం దగ్గర దిగిపోయింది. అది ఏ గుర్తో నేను అడగలేదు. ఫలితాలు వచ్చిన రోజు ఆమె గుర్తొచ్చింది. అడిగి ఉంటే, వాళ్ల బూత్‌లో ఆ గుర్తుకు ఎన్ని పడ్డాయో వెతికేవాణ్ణి. అడగకపోవడమే మంచిదైంది అనుకున్నాను.