గుమ్మం దగ్గర స్టూలు

ఈ ఉదయం మా బడి ఆఫీసులో పరీక్ష పేపర్లు జిరాక్స్ తీస్తుంటే ఆ పాత వాసన లేచింది. పిడుగు పడినప్పుడు గాలిలో ఉండే ఘాటు లాంటిది. అది ముక్కుకు తగిలితే చాలు, నరసరావుపేట కోర్టు ఎదుటి ఇరుకు కొట్టూ, మస్తాన్ బాబాయ్ దగ్గూ గుర్తుకొస్తాయి. ఇక ఆ రోజంతా మనసు బాగుండదు.

డిగ్రీ చదువుతూ ఆయన జిరాక్స్ కొట్లో పనిచేశాను. చుట్టరికం లేకపోయినా బాబాయ్ అనేదాన్ని. వయసులో ఉండగా పిడుగురాళ్ల సున్నం బట్టీల్లో పనిచేసి, ఆయాసం పట్టుకున్నాక మానేసి ఆ కొట్టు పెట్టుకున్నాడు. కిటికీ తీస్తే లారీల దుమ్ముకు దగ్గు ఎక్కువయ్యేది. అందుకే మూసిన గదిలో మిషనూ మేమూ కలిసి ఉడికేవాళ్ళం.

ఒక మధ్యాహ్నం బేరాల్లేక, మిషన్ పక్కన స్టూలు మీద కూర్చుని పైకి చదువుకుంటున్నాను. చాలా ఎత్తున, స్ట్రాటోస్ఫియర్‌లో ఓజోన్ పొర ఉంటుందనీ, సూర్యుడి అతినీలలోహిత కిరణాలను అక్కడే ఆపి మనల్ని కాపాడుతుందనీ. బాబాయ్ తలెత్తాడు.

"ఓజోనా? మన మిషన్ వాసన అదేనని మెకానిక్ అన్నాడే. లోపల ఫిల్టర్ పోయిందంట."

"అదే బాబాయ్. పైనుంటేనే మంచిది. మనం పీల్చే గాలిలో ఉంటే ఊపిరితిత్తులకు చెరుపంట."

"పైనుండాల్సినదానికి నా కొట్లో ఏం పని?" అని నవ్వబోయి దగ్గాడు.

మర్నాడు వెళ్ళేసరికి నా స్టూలు గుమ్మం దగ్గరుంది. మిషన్ పక్కన ఆయనున్నాడు. ఫిల్టర్ మార్పించమని గొడవపడ్డాను.

"పాత మిషను, ఆ ఫిల్టర్ దొరకట్లేదంట. నా ఊపిరితిత్తులు బట్టీలోనే పోయినయిలే అమ్మాయ్. నువ్వు చానా ఏళ్ళు బతకాల్సినదానివి. గుమ్మం కాడ కూర్చో."

నేను బి.ఇడి.లో చేరిన ఏడాది ఆయన పోయాడు. సున్నమా, మిషనా అని డాక్టరును అడిగాను. చెప్పలేనన్నాడు. ఆయన పీల్చినదాంట్లో నా వంతు ఎంతో నాకూ తెలియదు. ఆ బెంగ తీరేది కాదు.

ఇప్పుడు ఏటా ఓజోన్ పాఠం చెబుతాను. పలచబడిన పొర మెల్లగా కోలుకుంటోందంటే పిల్లల ముఖాలు విప్పారతాయి. నాకు మాత్రం ఆ మూసిన కిటికీయే కనబడుతుంది.

ఇవాళ మిషన్ పక్కన మా అటెండర్ నాగమణి నిలబడి కాగితాలు సర్దుతోంది.

"నువ్వెళ్ళి గుమ్మం కాడ కూర్చోవే" అన్నాను.

"ఎందుకు మేడమ్?" అంటూనే వెళ్ళింది.

కిటికీలన్నీ తెరిచి, ఆమె చోట నిలబడి కాగితాలు అందుకున్నాను. గొంతులో ఘాటు తగిలింది. నాకు దగ్గు రాలేదు.