ఇంజిను ఉండే చోట చార్జర్

మా ఆయన గుండెకి స్టెంట్ వేసిన డాక్టరు ఉప్పు తగ్గించమన్నాడు, వల లాగొద్దన్నాడు. సముద్రం మీదకి అసలు పంపొద్దనీ, ఏదైనా అయితే గంటలోపల ఆస్పత్రికి చేరగలిగే చోటే ఉంచమనీ నన్ను పక్కకి పిలిచి చెప్పాడు. జాలరిపేటలో పుట్టి, వేట తప్ప ఇంకో పని ఎరగని మనిషి గురించి అంత తేలిగ్గా చెప్పేశాడు. నాకు ఒళ్ళు మండింది గానీ, ఆయన చెప్పినదాంట్లో తప్పేమీ లేదు.

అందుకే ఫైబర్ బోటు అమ్మేసి కరెంటు కారు కొన్నాం. కంప్యూటర్ ఆఫీసుల వాళ్ళు ఉద్యోగుల్ని ఎక్కించుకురావడానికి ఇప్పుడు ఈ కార్లే కావాలంటున్నారు. ఒక ఆఫీసుతో మాట కుదిరింది. తెల్లవారేసరికి బండి నిండా చార్జింగుతో వాళ్ళ గేటు ముందుండాలి. బండి రాకపోతే ఇంకో బండిని పిలుచుకుంటారు, అంతే. ఊళ్ళో చార్జింగ్ స్టేషన్లు ఉన్నాయి. వాటి ముందు టాక్సీల వరసలూ ఉన్నాయి. ఆ వరసలో నిద్ర మానుకుని కూర్చుంటే డాక్టరు చెప్పినవన్నీ గాలికి పోతాయి. కాబట్టి చార్జర్ ఇంట్లోనే పెట్టుకోవాలి.

అది చూసే పని నా మీద పడింది. ద్వారకా నగర్‌లో ఒక కోచింగ్ సెంటర్ రిసెప్షన్‌లో నా ఉద్యోగం. మధ్యాహ్నం క్యారేజీ గబగబా తినేసి చుట్టుపక్కల షాపులన్నీ తిరిగేదాన్ని. ఎక్కడికెళ్ళినా మొదటి ప్రశ్న ఒకటే: మీకు పార్కింగుకి పైకప్పుందా మేడమ్? మా బండి ఆగేది మా ఇంటి ముందు, వీధి మొదట్లో. పగలు అక్కడ వలలు ఆరేస్తారు, కూర్చుని చిరుగులు కుడతారు. రాత్రి మాత్రం బండి పెట్టుకోమని వీధి పెద్దలు ఒప్పుకున్నారు. ఇదంతా షాపువాడికి చెప్పబోతే, ఈలోపు వాడు ఇంకో కస్టమర్ వైపు తిరిగిపోయేవాడు.

గోడకి బిగించే పెద్ద చార్జర్ అయితే బండి తొందరగా నిండుతుంది. కానీ దానికి వేరే మీటరు కావాలి, మీటరుకి ఇంటి కాయితాలు కావాలి. మా మామ తండ్రి కాలం నుంచీ ఇల్లుంది, కాయితాలు లేవు. కరెంటు ఆఫీసులో మర్యాదగానే మాట్లాడారు, వచ్చే వారం రమ్మన్నారు. ఆ మర్యాదతో కడుపు నిండదని మూడోసారి వెళ్ళాక తెలిసింది. ఇక బండితో పాటు ఇచ్చే చిన్న వైరు. అది మామూలు ప్లగ్గులో పెట్టుకోవచ్చు గానీ, మా పాత వైరింగు ఆ బరువు రాత్రంతా మొయ్యలేదట. చివరికి మధ్య రకం తీసుకున్నాం. ఉన్న మీటరు నుంచే వేరే వైరు లాగి, గోడకి ఒక చిన్న పెట్టె బిగిస్తారు. ఆ పెట్టెకి కేబులు, కేబులు చివర బండిలో గుచ్చే గన్.

బిగించడానికొచ్చిన ఎలక్ట్రీషియన్ ఎర్తింగ్ గొయ్యి తవ్వి, అందులో ఉప్పూ బొగ్గూ పొయ్యాలన్నాడు. సముద్రాన్ని పక్కన పెట్టుకుని దుకాణంలో ఉప్పు కొనుక్కొచ్చిన మొదటి ఇల్లు మాదేనేమో. వీధంతా నవ్వింది. ఆ రోజు మేమూ నవ్వాం.

పెట్టె ఎక్కడ బిగించాలన్న దగ్గర వచ్చింది గొడవ. సముద్రపు గాలి తగలకుండా లోపలి వసారాలో పెట్టమన్నాడు ఎలక్ట్రీషియన్. మా మామ ఒప్పుకోలేదు. మా పేటలో ప్రతి ఇంటికీ బయటి గోడ దగ్గర ఒక సిమెంటు నీళ్ళ గోళెం, పక్కనే ఇంజిను తగిలించే చెక్క ఉంటాయి. వేట నుంచి రాగానే బోటు ఇంజిను భుజాన మోసుకొచ్చి ఆ చెక్కకి తగిలిస్తారు. లోపలి ఉప్పు పోయేలా మంచినీళ్ళతో కడుగుతారు, గుడ్డతో తుడిచి, గ్రీజు రాస్తారు. ఇంట్లో తాగడానికి నీళ్ళు లేకపోయినా ఇంజినుకి మాత్రం మంచినీళ్ళు ఉండాల్సిందే. బోటు అమ్మాక మా చెక్క ఖాళీ అయిపోయింది. మామ రోజూ వెళ్ళి దాని పక్కనే కూర్చునేవాడు.

"ఇంజిను ఎక్కడుండాలో అక్కడే ఉండాల," అన్నాడు మామ. "ఈ ఇంటికి ఇప్పుడు ఇదే ఇంజిను."

నేను వాదించాను. మా ఆయన మాత్రం తండ్రి ముఖం చూసి సరేననేశాడు. పెట్టె మీద రేకు ముక్క ఒకటి అడ్డంగా కొట్టించి, చెక్క పక్కనే బిగించారు. మామ దానికి పసుపు రాసి కొబ్బరికాయ కొట్టాడు.

కొన్నాళ్ళు బాగానే గడిచింది. తెల్లారకుండా మా ఆయన ఇస్త్రీ చొక్కా వేసుకుని బండి తీసేవాడు. ఆయన్ని ఇస్త్రీ చొక్కాలో పెళ్ళినాడు చూశాను, మళ్ళీ అప్పుడే చూశాను. రాత్రి ఇంటికొచ్చి, గన్ బండికి గుచ్చి, అన్నం తిని పడుకునేవాడు. పక్కన ఆయన ఊపిరి వింటూ నేనూ భయం లేకుండా నిద్రపోయాను.

ఒకనాడు పొద్దున బండి కదల్లేదు. చార్జింగ్ అస్సలు ఎక్కలేదు. గన్ గుచ్చే చోట ప్లాస్టిక్కు కరిగి, మాడిన వాసన వేస్తోంది. బండిని లారీ మీద సర్వీస్ సెంటరుకి తీసుకెళ్ళాం, గన్ కూడా పట్టుకెళ్ళాం. అక్కడి మెకానిక్ రెండూ విప్పి చూపించాడు. లోపల పచ్చగా చిలుం పట్టి ఉంది, చిలుం మీద నల్లటి జిడ్డు. బండి లోపలి చార్జింగ్ యంత్రం కూడా పోయిందన్నాడు. ఇందులో నీళ్ళు పోసి గ్రీజు ఎవరు రాశారని అడిగాడు. ఇలాంటిదానికి వారంటీ రాదన్నాడు.

మా ఆయన ఆ జిడ్డు వేలికి తీసుకుని వాసన చూశాడు. మేం అమ్మేసిన బోటు ఇంజినుకి రాసే గ్రీజు అది. గన్ పట్టుకున్నప్పుడు ఇన్నాళ్ళూ చేతికి తగలలేదా అంటే, తగిలే ఉంటుంది. మా వీధిలో చేతికి జిడ్డు అంటని వస్తువేదీ లేదు. ఆయన వేలు తుడుచుకుని బయటికి నడిచాడు. నేను వెనకే వెళ్ళాను.

"అయ్యకి సెప్పకు," అన్నాడు. "తెలిస్తే బతకడు."

విడి భాగాలు ఎప్పుడొస్తాయో వాళ్ళకే తెలియదు. మర్నాడే ఆఫీసు వాళ్ళు ఇంకో బండి పెట్టుకున్నారు. మా బండి లారీ మీదే తిరిగొచ్చి వీధి మొదట్లో నిలబడింది. ఎవరో దాని మీద కూడా వల ఆరేశారు. నేను కేకలేద్దామని గుమ్మం దాకా వెళ్ళి, ఎందుకులే అని వెనక్కొచ్చేశాను.

మా ఆయన ఇంకే పనీ వెతకలేదు. హార్బర్‌కి వెళ్ళి పెద్ద బోటులో వలలు లాగే కలాసీగా కుదిరాడు. ఒకసారి బయల్దేరితే పది పదిహేను రోజులు తిరిగిరాని బోటు అది. నేను ఏడ్చాను, తిట్టాను, కాళ్ళు పట్టుకున్నాను. డాక్టరు చెప్పింది మళ్ళీ మళ్ళీ చెప్పాను. అన్నీ విని మాత్రలు ప్లాస్టిక్ కవర్లో చుట్టుకుని బయల్దేరాడు.

బోటు వెళ్ళాక నేనూ మామా ఇంటికొచ్చాం. మామ లోపలికి రాలేదు. గోళెం దగ్గరే కూలబడి, నన్ను పిలిచాడు.

"ఆడు మళ్ళీ సముద్రం మీదకి ఎల్లకూడదనే కదే కోడలా, రోజూ ఆడు డూటీకెల్లగానే దాన్ని కడిగేను. నా తానం నీళ్ళు మిగిల్చి కడిగేను. నాను సేసిందాంట్లో ఏటైనా తక్కువైపోనాదేటి?"

అరిచేద్దామనే నోరు తెరిచాను. ముసలాయన అలా నా ముఖంలోకి చూస్తున్నాడు.

"నువ్వు సేసిందాంట్లో తక్కువేటీ నేదు మామా," అన్నాను.

ఇవాళ్టికి బోటు వెళ్ళి వారం దాటింది. అక్కడ ఫోను అందదని తెలిసి కూడా చేస్తూనే ఉన్నాను. ఆయన ఇప్పుడున్న చోటు నుంచి ఆస్పత్రి ఎంత దూరమో నాకు తెలియదు, ఆయనకీ తెలియదు.