రామస్వామి గీసిన వెనక గీత

రోజూ పొద్దున్నే స్నానం చేసి, నుదుట విభూతి పెట్టుకుని, రామస్వామి తన కొలత టేపునూ నీలిరంగు అద్దిన దారపు ఉండనూ దేవుడి పటం ముందు పెడతాడు. "తండ్రీ, ఇయ్యాల నా గీత వంకర పోనీయకు" అని మొక్కి, వాటిని కళ్లకు అద్దుకున్నాకే చాయ తాగుతాడు.

ఎల్లారెడ్డిలో ఇండ్లకు రంగులేయడం అతని పని. గోడకు అంచుపట్టీ వేయాలంటే ముందు దారం లాగి కొడతాడు. నీలిగుర్తు పడుతుంది. ఆ గుర్తుకు బయటి పక్కనే రంగు వేయడం ముప్పై ఏళ్లుగా అతని చేతికి అలవాటు. బడి వెనక కొత్త షెడ్డులో బ్యాడ్మింటన్ కోర్టు గీయమంటే, చుట్టుగీతలు అలాగే గీశాడు. పోటీలు నడిపే చక్రధర్ సారు చూసి మురిసిపోయాడు. "గీత గీసినోని కన్నా ఎవరికి తెలుస్తది స్వామన్నా, లైన్ జడ్జీగ నువ్వే కూసో" అని వెనక గీత దగ్గర కుర్చీ వేయించాడు.

ఆ సాయంత్రం ఆడపిల్లల సెమీఫైనల్. కామారెడ్డి నుంచి సాయిశ్రీ, బాన్సువాడ నుంచి పద్మప్రియ. సాయిశ్రీ తల్లి యాదవ్వ బీడీలు చుడుతుంది. పొద్దటి నుంచి కుర్చీ దిగని రామస్వామికి, అడగకుండానే నీళ్ల సీసా తెచ్చి ఇచ్చిన మనిషి.

చెరో గేమ్ గెలిచారు. మూడో గేమ్‌లో పదకొండు దగ్గర పక్కలు మారారు. పద్మప్రియ ఇరవై, సాయిశ్రీ పంతొమ్మిది. సాయిశ్రీకి ఇంకొక్క పాయింటు వస్తే ఇరవైకి ఇరవై, ఆపైన రెండు పాయింట్ల తేడా కావాలి. పద్మప్రియ కాక్‌ను ఎత్తుగా వెనక్కి లేపింది. సాయిశ్రీ దాని కిందికి చేరి, బ్యాట్ ఎత్తి, ఒక్క క్షణం చూసి దించేసింది. బయట పడుతుందని వదిలేసింది. కాక్ వచ్చి సరిగ్గా గీత నడిమధ్య పడింది. లోపలే అన్నట్టు రామస్వామి కుడిచేత్తో గీతను చూపించాడు. ఆట అయిపోయింది.

"చేతులు పడిపోయినయా? ఎందుకు ఇడిసిపెట్టినవే?" అని యాదవ్వ కూతురి మీదికి లేచింది.

"బయటికి పోతదనుకున్ననే అవ్వా."

"అనుకున్నదట! కండ్లేడవెట్టినవ్?" అని, చక్రధర్ వైపు తిరిగింది. "అయినా సారూ, గీత మీద పడ్డది లోపలెట్లయితది?"

"గీత గుడ కోర్టే అక్కా. కొలత గీత బయటి అంచు నుంచే తీస్తరు."

ఆ మాట చెవిన పడగానే రామస్వామి కుర్చీ దిగి గీత దగ్గర మోకాళ్ల మీద కూర్చున్నాడు. వంగి చూశాడు. తెల్లగీతకు లోపలి అంచున నీలిగుర్తు సన్నగా కనబడుతూనే ఉంది. కొలత ప్రకారం కోర్టు, గీతతో సహా, అక్కడికే అయిపోవాలి. గీత మొత్తం బయటే ఉంది. టేపు పరిచాడు. ఒక్కో కొసకు నాలుగు సెంటీమీటర్లు ఎక్కువ.

చక్రధర్‌ను పక్కకు పిలిచి చెప్పాడు. చక్రధర్ తల గోక్కున్నాడు. "ఇద్దరూ ఒక్క కోర్టు మీదనే ఆడిండ్రు. చేతులు గుడ కలిపిండ్రు. ఇగ ఫలితం మారదు. రేపు ఫైనల్‌కు రంగు ఆరాలంటే గీతలు ఇప్పుడే మార్చు. ఎవరికీ చెప్పకు, నీ పేరే కరాబయితది."

రామస్వామి దిగులు పేరు గురించి కాదు. ఆ పిల్ల తలుపు దగ్గర కూర్చుని, తన కళ్లనే నమ్మనట్టు అరచేతులతో నలుపుకుంటోంది. కళ్లు సరిగ్గానే చూశాయని ఇప్పుడు చెప్పకపోతే, ఇకమీద తన మీదికి వచ్చే ప్రతి కాక్‌కూ బెదురుతుంది. రామస్వామి వెళ్లి ఆమె ముందు చతికిలబడ్డాడు.

"బిడ్డా, తప్పు నాది. గోడకు గీసినట్టు గీసిన. గీత సక్కగుంటే ఆ కాక్ బయటనే పడుతుండె. నువ్వు ఇడిసిపెట్టింది కరెక్టే."

సాయిశ్రీ చేతులు దించి తల్లిని చూసింది. యాదవ్వ కూతురి జడను సవరించింది. "అయితే నా బిడ్డ గెలిచినట్టయితదా అన్నా?" అని అడిగింది.

"కాదక్కా. గది నా చేతుల లేదు."

రామస్వామి పాత గీత గీకడానికి రేకు పలక తీసుకున్నాడు. టేపు ఒక కొస సాయిశ్రీ వైపు చాచాడు.

"ఆఖరి బస్సుకు ఇంకా గంటున్నది. ఈ కొస జర పట్టుకో బిడ్డా. ఈసారి గీత ఏడికి రావాల్నో నువ్వే చూసి చెప్పు."